నీటితో మోటారుబండి నడచునా?

పెట్రోలు, డీజిలు వెలలు పెరిగినప్పుడెల్ల లోకమున నొక వార్త పుట్టుచుండును. ఎవరో యొకరు నీటితో కారు నడపిరనియు, ఇంజను ప్రక్కన నొక చిన్న పెట్టెను బిగించి యందు నీరు పోసినచో నది నీటినుండి హైడ్రోజను వాయువును దీసి ఇంజనున కందించుననియు, అందుచే పెట్రోలు ఖర్చు చాల తగ్గుననియు ఆ వార్త చెప్పును. కొలదికాలమున కా వార్త మరుగుపడును. మరల వెలలు పెరిగినపుడు మరియొక పేరుతో బయలువెడలును.

దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల ప్రాంతములలో సున్నము, సిమెంటు మోయు లారీలమీదను, ఆటోలమీదను ఆధారపడి జీవించు కుటుంబములు పెక్కులు గలవు. మన విద్యార్థులలో పలువురి తండ్రులకు నదియే వృత్తి. ఉదయము బంకులో పోసిన సొమ్ము పోగా మిగిలినదే సాయంకాలము ఇల్లు చేరును. అట్టివారియొద్దకు నీటిపెట్టె నమ్మువారు వచ్చి వేలకొలది రూపాయల వెల చెప్పినపుడు, ఆ పెట్టె పనిచేయునా చేయదా యను ప్రశ్న కాలక్షేపపు ప్రశ్న కాదు. అది పిల్లల జీతములకును, ఇంటి జరుగుబాటునకును సంబంధించిన ప్రశ్న.

ఇట్టి సంగతిని వినగానే నమ్ముట సులభము. వినగానే నవ్వి త్రోసివేయుటయు నంతే సులభము. ఈ రెండును విద్యార్థికి దగినవి కావు. నీటిలో హైడ్రోజను ఉన్నమాట నిజము. ఆ వాయువు మండునన్నమాటయు నిజము. దానితో బండ్లు నడచుచున్నమాటయు నిజము. ఈ మూడు నిజములను జేర్చి యొక అసత్యమును ఎట్లు కట్టుదురో తెలిసికొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నీరు ఎట్టి పదార్థము?

1766వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు హెన్రీ కావెండిషు అనునతడు లోహములమీద ఆమ్లము పోసినపుడు వెలువడు మండెడు వాయువును ప్రత్యేకముగా పరిశీలించెను. ఆ వాయువు గాలిలో మండినపుడు నీరు పుట్టుచున్నదని పిదప తేలెను. ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడగు లవోయిజియే ఈ కారణముచేతనే దానికి నీటిని పుట్టించునది యను నర్థము గల హైడ్రోజను అను పేరు పెట్టెను. మన పెద్దలు దానిని జలజనకమనియు, ఉదజని యనియు తెనుగు చేసిరి. 1800వ సంవత్సరమున నికల్సను, కార్లైలు అను నిరువురు లండనులో విద్యుత్తును నీటిలోనికి బంపి, నీటిని మరల ఉదజనిగను ఆమ్లజనిగను విడదీసిరి. మన ప్రయోగశాలలో పై తరగతులవారు చూచు విద్యుద్విశ్లేషణ ప్రయోగ మిదియే. ఒక గొట్టములో రెండు పాళ్లు ఉదజనియు, రెండవ గొట్టములో నొక పాలు ఆమ్లజనియు చేరును. ఉదజనికి మండుచున్న పుల్ల చూపిన టప్పుమని శబ్దము చేసి మండును.

ఈ రెండు ప్రయోగములును గలిపి ఆలోచింపవలెను. ఉదజని మండినపుడు నీరగును. ఆ సమయమున ఉష్ణము వెలువడును. నీరు మరల ఉదజని కావలెనన్న, వెలువడిన యంత శక్తిని మరల లోనికి పంపవలెను. అనగా నీరు ఇంధనము కాదు. ఇంధనము మండిన పిదప మిగిలిన వస్తువు. పొయ్యిలో కట్టె మండి బూడిద యగునట్లు ఉదజని మండి నీరగుచున్నది. బూడిదను మరల పొయ్యిలో బెట్టి అన్నము వండగలనని యెవరైన చెప్పినచో మన తల్లులు నమ్మరు. నీరు ఉదజనియొక్క బూడిద యని తెలిసినచో నీటిపెట్టె సంగతి సగము తేటపడును.

సున్నపు బట్టీ నేర్పు పాఠము

దీనికి మన యూరిలోనే చక్కని దృష్టాంతము గలదు. సున్నపురాతిని బట్టీలో బొగ్గుతో గలిపి పేర్చి, సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చుదురు. రాతిలోని బొగ్గుపులుసు గాలి వెలికిపోయి పొడిసున్నము మిగులును. ఆ పొడిసున్నముమీద చన్నీరు పోసిన నేమగును? అది పగిలి, విరిసి, ఆవిరులు గ్రక్కుచు కుతకుత నుడుకును. దగ్గర నిలిచినవారికి సెగ తగులును. చూచెడు క్రొత్తవాడు, చన్నీటిలోనుండియే యింత వేడిమి పుట్టినదని తలపవచ్చును. బట్టీవద్ద పనిచేయువారు మాత్రమట్లు తలపరు. ఆ రాయి యెంత బొగ్గు తినినదో వారికి తెలియును. రాతిని కాల్చుటకు లోనికి బంపిన ఉష్ణములో నొక భాగము పొడిసున్నమునందు దాగియుండెను. నీరు తగిలినపుడు ఆ భాగమే వెలికివచ్చెను. నీరు వేడిమిని పుట్టింపలేదు, దాగియున్నదానిని విడిపించినది. వెలికివచ్చిన వేడిమి బట్టీలో ఖర్చయిన వేడిమికన్న ఎప్పుడును తక్కువయే గాని హెచ్చు కానేరదు.

నాగార్జునసాగరమునుండి కూడ ఈ పాఠమునే నేర్వవచ్చును. అచ్చటి ప్రధాన విద్యుత్కేంద్రమునందు 8 యంత్రములు గలవు. వానిలో 7 యంత్రములు రెండు విధములుగ పనిచేయునట్లు నిర్మింపబడినవి. నీరు పైనుండి క్రిందికి దిగునపుడు అవి విద్యుత్తు నిచ్చును. విద్యుత్తు మిగులుగా నున్నపుడు ఆ యంత్రములనే వెనుకకు ద్రిప్పి క్రింది నీటిని పైకెత్తవచ్చును. అయితే పైకెత్తుటకు పట్టు విద్యుత్తు, ఆ నీరే మరల దిగునపుడు వచ్చు విద్యుత్తుకన్న హెచ్చు. ఈ పని లాభముకొరకు గాదు. ఒక వేళ మిగిలినదానిని మరియొక వేళకు దాచుకొనుటకు. దిగిన నీటిచేతనే నీటిని పైకెత్తించి, పైగా ఊళ్లకు వెలుగు గూడ ఇప్పించెదనని యే ఇంజనీరును చెప్పడు.

1840 మొదలుకొని జూలు, హెల్మ్‌హోల్ట్సు మున్నగు పండితులు స్థిరపరచిన శక్తి నిత్యత్వ నియమ మిదియే. శక్తి ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారును గాని లేనిచోట నుండి పుట్టదు.

లెక్క చూతము

నియమము చెప్పి ఊరకుండుటకన్న లెక్క వేసి చూపుట మేలు. ఇంటి విద్యుత్తు మీటరు చూపు యూనిటునే ఇచ్చట కొలతగా గైకొందము. ఒక లీటరు పెట్రోలు మండిన సుమారు 9 యూనిట్ల ఉష్ణము వచ్చును. ఒక లీటరు నీటిలో 111 గ్రాముల ఉదజని గలదు. అది మండి ఇంజనున కీయగల ఉష్ణము సుమారు 3.7 యూనిట్లు. అనగా రమారమి నాలుగు వందల మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానము. ఇంతవరకు ఆశ గలుగుచునే యున్నది.

ఇక ఖర్చు ప్రక్కకు వత్తము. ఆ లీటరు నీటిని విడదీయుటకు మేలైన కర్మాగారపు యంత్రమునకే 6 యూనిట్లకు దగ్గరగా విద్యుత్తు కావలయును. కారులో ఈ విద్యుత్తు ఎక్కడిది? బ్యాటరీనుండి వచ్చుననుకొందుము. బ్యాటరీని నింపునది ఆల్టర్నేటరు. దానిని ద్రిప్పునది ఇంజను. ఇంజనును ద్రిప్పునది పెట్రోలు. ఈ గొలుసులోని ప్రతి కడియమునొద్దను కొంత నష్టము గలదు. పెట్రోలు ఇంజను తాను పొందిన ఉష్ణములో సుమారు నాలుగవ వంతును మాత్రమే త్రిప్పెడు శక్తిగా మార్చును. తక్కినది రేడియేటరు గుండను పొగగొట్టము గుండను పోవును. ఆల్టర్నేటరు తనకు వచ్చిన శక్తిలో నూటికి అరువది పాళ్లు విద్యుత్తుగా నిచ్చుననుకొందము. అప్పుడు 6 యూనిట్ల విద్యుత్తు కావలెనన్న ఇంజను 10 యూనిట్ల పని చేయవలెను. 10 యూనిట్ల పనికి 40 యూనిట్ల ఉష్ణము, అనగా సుమారు నాలుగున్నర లీటర్ల పెట్రోలు ఖర్చగును. నాలుగున్నర లీటర్లు కాల్చి నాలుగు వందల మిల్లీలీటర్లు సంపాదించితిమి. పది రూపాయలిచ్చి ఒక రూపాయి కొన్నట్లయినది.

బజారులో నమ్ము పెట్టెలు ఇంత నీటిని విడదీయవు గనుక నష్టము కంటికి కనబడదు. 12 వోల్టుల బ్యాటరీనుండి 20 ఆంపియర్ల విద్యుత్తు తీసికొను ఆరు గదుల పెట్టెను ఊహింతము. ఫారడే కనిపెట్టిన నియమము ననుసరించి, ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంట ప్రవహించిన ఒక్కొక్క గదిలో 0.0376 గ్రాము ఉదజని పుట్టును. అంతకు మించి పుట్టనేరదు. ఆరు గదులలో 20 ఆంపియర్లకు గంటకు సుమారు నాలుగున్నర గ్రాములు. ఇది 17 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, లీటరునకు 15 కిలోమీటర్ల చొప్పున బోవు కారు ఆ గంటలో 4 లీటర్లు, అనగా 4,000 మిల్లీలీటర్లు కాల్చును. వానిలో 17 మిల్లీలీటర్లు నూటికి అర పాలైనను గాదు. దీనికొరకు ఇంజను అదనముగ కాల్చినది సుమారు 180 మిల్లీలీటర్లు. పై తరగతి విద్యార్థులు ఈ అంకెలను తాముగా వేసి సరిచూడవలెను. డీజిలు ఇంజను కొంత మెరుగుగ పనిచేయును గనుక అంకెలు కొంచెము మారును. ఫలితము మాత్రము మారదు.

సహాయ ఇంధనమను వాదము

ఈ లెక్కను జూపినపుడు అమ్మువారు వేరొక మాట చెప్పుదురు. ఉదజనిని మేము ముఖ్య ఇంధనముగ వాడుట లేదు. పెట్రోలు చక్కగా మండుటకు సహాయముగ వాడుచున్నాము. కొంచెము ఉదజని చేరినను పెట్రోలు పూర్తిగ మండి మైలేజీ పెరుగును, అని. ఈ వాదములో కొంత శాస్త్రము గలదు గనుక దీనిని శ్రద్ధగా చూడవలెను.

ఉదజని జ్వాల పెట్రోలు జ్వాలకన్న మిక్కిలి వేగముగ వ్యాపించును. పెట్రోలు తక్కువగను గాలి ఎక్కువగను గల పలుచని మిశ్రమము సాధారణముగ సరిగ మండదు. ఉదజని చేరినచో అదియు మండును. ఇది 1970 ప్రాంతములనుండి అమెరికాలోని నాసా సంస్థవారును ఇతరులును ప్రయోగములు చేసి చూచిన సంగతి. అయితే అట్టి ప్రయోగములలో వాడు ఉదజనిపాలు ఇంధనములో నూటికి కొన్ని పాళ్లుండును. నీటిపెట్టె యిచ్చు అర పాలు గాదు. పైగా ఇంజనును పలుచని మిశ్రమమునకు దగినట్లు సర్దుదురు.

ఇక, పెట్రోలు పూర్తిగ మండుట లేదను మాట నేటి బండ్ల విషయమున చెల్లదు. సరిగ నున్న నేటి ఇంజనులో నూటికి 97, 98 పాళ్ల ఇంధనము సిలిండరులోనే మండిపోవును. మిగిలిన రెండు మూడు పాళ్లను గూడ ఏ మహిమచేతనో మండించినను లాభము ఆ రెండు మూడు పాళ్లకు మించదు. నూటికి ముప్పది, నలువది పాళ్లు ఆదా యను మాటకు ఇక చోటెక్కడ? ఇంజనులో వ్యర్థమగునది మండని పెట్రోలు గాదు. మండిన పిదప వేడిమిగ బయటకుపోవు శక్తి. దానిని నీటిపెట్టె ఆపలేదు.

మరి మైలేజీ పెరిగినదని చెప్పువారి మాట?

కొందరు డ్రైవర్లు పెట్టె బిగించిన పిదప మైలేజీ నిజముగనే పెరిగినదని చెప్పుదురు. వారు అసత్యవాదులు కారు. పెట్టెకు సొమ్ము పోసినవాడు ఆ వారము బండిని మెల్లగ, జాగ్రత్తగ నడపును. బిగించునపుడు మెకానిక్కు గాలివడపోతను తుడుచును, టైర్లలో గాలి నింపును. ఈ పనులచేతనే ఖర్చు కొంత తగ్గును. పొగలోని ప్రాణవాయువును కొలిచి ఇంజనునకు దెలుపు పరికరమును మోసపుచ్చి, ఇంజను తక్కువ పెట్రోలు తీసికొనునట్లు చేయువారును గలరు. అప్పుడు పెట్రోలు ఖర్చు తగ్గినట్లు కనబడును. కాని ఇంజను అధికముగ కాగి, వాల్వులు కాలి, ఆదాయైన సొమ్మునకు పదింతలు మరమ్మత్తునకు పోవచ్చును.

కావున పరీక్ష యెట్లు చేయవలెనో తెలిసియుండవలెను. ఒకే బండి, ఒకే దారి, ఒకే బరువు, టైర్లలో ఒకే గాలి. బయలుదేరునపుడు టాంకు అంచువరకు నింపి, తిరిగివచ్చి అదే బంకులో మరల అంచువరకు నింపి, పట్టిన లీటర్లను వ్రాసికొనవలెను. పెట్టె పనిచేయుచుండగా అయిదు ప్రయాణములు, ఆపివేసి అయిదు ప్రయాణములు చేయవలెను. ముఖ్యమైన సంగతి యేమనగా, ఏ ప్రయాణమున పెట్టె పనిచేయుచున్నదో డ్రైవరునకు దెలియకుండవలెను. స్విచ్చి వేయువాడు వేరొకడై యుండవలెను. అమ్మువాడు ఈ పరీక్షకు సమ్మతింపనిచో మన ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరికినట్లే.

అపాయములు

నష్టము సొమ్ముతోనే పోవునదైన ఇంత వ్రాయ నక్కరలేదు. ఉదజని గాలిలో నూటికి 4 పాళ్లు మొదలు 75 పాళ్లవరకు ఎంత కలిసినను మండగలదు. దానిని ముట్టించుటకు పెట్రోలు ఆవిరికి కావలసిన నిప్పురవ్వలో పదవ వంతు చాలును. నీటిపెట్టె ఉదజనిని ఒంటరిగా నీయదు. ఆమ్లజనితో గలిపి, పేలుటకు సరిపడిన పాళ్లలోనే యిచ్చును. ఆ మిశ్రమమును వేడి ఇంజను ప్రక్కన ప్లాస్టిక్కు సీసాలో నిలుపుట మిక్కిలి ప్రమాదకరము. పెట్టెలోని నీటిలో కలుపు క్షారము చర్మమును కాల్చును. కంటబడిన చూపునకే హాని.

పిల్లలు ఇంటివద్ద ఈ ప్రయోగమును చేయరాదు. క్షారము దొరకక ఉప్పునీటిలో విద్యుత్తును బంపినచో క్లోరిను అను విషవాయువు వెలువడును. మరియు 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము ప్రకారము, బండిని రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగ తోచినట్లు మార్చరాదు. అట్లు మార్చిన బండికి ప్రమాదము జరిగినచో భీమా సొమ్ము విషయమున చిక్కులు రావచ్చును. ఈ సంగతిని తండ్రులు గమనింతురుగాక.

నీటి ఉదజనితో నిజముగ నడచిన బండ్లు

ఇంతవరకు చదివినవారు, నీటిలోని ఉదజనితో బండ్లు నడచుట అసంభవమని తలపరాదు. మన తాతలు అట్టి బండ్లలో ప్రయాణము చేసియే యున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున (1939–45) పెట్రోలు దొరకక, తెలుగుదేశమున బస్సులు బొగ్గుతో నడచెను. వానిని బొగ్గు బస్సులనిరి. బస్సునకు కట్టిన పొడవైన ఇనుప పీపాలో కట్టెబొగ్గును ముట్టించి, చక్రమును చేతితో ద్రిప్పి గాలి విసరి, వచ్చిన వాయువును వడపోసి ఇంజనునకు బంపెడివారు. ఎత్తెక్కవలసిన చోట ప్రయాణికులు దిగి నడచుటయు గలదు.

ఆ వాయువులో ముఖ్యమైన భాగము కార్బను మోనాక్సైడు. అయినను బొగ్గులోని తేమయు, గాలిలోని నీటియావిరియు ఎర్రగ కాగిన బొగ్గును తాకినపుడు, బొగ్గు నీటిలోని ఆమ్లజనిని లాగుకొని ఉదజనిని విడుచును. ఆ ఉదజనియు ఇంజనులో మండెను. ఇచ్చట నీటినుండి వచ్చిన ఉదజని నిజముగ సహాయ ఇంధనమైనది. అయితే నీటిని విడదీయుటకు కావలసిన శక్తి నెవరిచ్చిరి? బొగ్గే యిచ్చినది. పీపాలో బొగ్గు అయిపోయినచో ఎంత నీరు పోసినను బస్సు కదలెడిది కాదు.

ఇటీవల ఢిల్లీలో జరిగిన పరీక్షయు నిట్టిదే. 2020 అక్టోబరులో అచ్చటి 50 బస్సులను, సహజవాయువులో నూటికి 18 పాళ్ల ఉదజని కలిసిన మిశ్రమముతో నడపి చూచుటకు ఆరంభించిరి. ఇండియన్ ఆయిల్ సంస్థవారు సహజవాయువును నీటియావిరితో కాచి ఆ మిశ్రమమును తయారుచేసిరి. అచ్చటను ఉదజనిలో కొంతపాలు నీటినుండి వచ్చినదే; శక్తి మాత్రము సహజవాయువుది.

బొగ్గును గాని సహజవాయువును గాని కాల్చక, ఎండచేతను గాలిచేతను పుట్టిన విద్యుత్తుతోనే నీటిని విడదీసినచో నెట్లుండును? అప్పుడు శక్తి నిచ్చువాడు సూర్యుడు. నష్టము అప్పుడును గలదు. అయితే ఆ నష్టము బండియొక్క పెట్రోలు టాంకునుండి పోదు. ఇట్లు పుట్టిన ఉదజనిని హరిత హైడ్రోజను అనుచున్నారు. భారత ప్రభుత్వము 2023 జనవరి 4వ తేదీన జాతీయ హరిత హైడ్రోజను ఉద్యమమును 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించి, 2030 నాటికి సంవత్సరమునకు 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయవలెనని లక్ష్యముగ నుంచెను. మన రాష్ట్రమున అనకాపల్లి జిల్లా పూడిమడకవద్ద ఎన్.టి.పి.సి. గ్రీన్ ఎనర్జీ సంస్థవారి హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి విశాఖపట్టణమున శంకుస్థాపన చేసిరి. దినమునకు 1,500 టన్నుల ఉదజని తయారుచేయవలెనని దాని ఉద్దేశము. దానికి జోడింపదలచిన ఎండ, గాలి విద్యుత్తు శక్తి 20 గిగావాట్లు. నాగార్జునసాగరపు ప్రధాన విద్యుత్కేంద్రపు శక్తి 815.6 మెగావాట్లు మాత్రమే. అనగా అట్టివి ఇరువదినాలుగు కలిసినంత శక్తిని నీటిని విడదీయుట మొదలగు పనులకు సమకూర్పవలెను! నీరు ఊరక ఇంధన మగునదే యైనచో ఇంత యేర్పాటేల? ఒడ్డున సముద్రమే యున్నదిగదా.

ఆ ఉదజని కారులోనికి వచ్చు విధమును గూడ తెలిసికొందము. 2014లో జపానులో అమ్మకమునకు వచ్చిన టయోటా మిరాయి అను కారులో ఉదజనిని 700 రెట్ల వాతావరణ పీడనమున దృఢమైన టాంకులలో నింపుదురు. బండిలోని ఫ్యూయల్ సెల్లులో అది గాలిలోని ఆమ్లజనితో గలసి విద్యుత్తునిచ్చును. విద్యుత్తు మోటారును ద్రిప్పును. పొగగొట్టమునుండి నీరు వెలువడును. ఈ కారు నీటిని త్రాగి నడచుట లేదు. నడచి నీటిని విడుచుచున్నది. మోసగాని కారునకును, శాస్త్రజ్ఞుని కారునకును గల భేదమంతయు ఇందే యున్నది.

పూర్వము జరిగినవి

ఇట్టి మాటలు నమ్మి నష్టపడినవారు చదువురానివారు మాత్రమే కారు. అమెరికాలో ఒహైయో రాష్ట్రీయుడగు స్టాన్లీ మేయరు నీటితో నడచు బండిని నిర్మించితినని ప్రకటించి ధనవంతులనుండి పెట్టుబడి గైకొనెను. ఇరువురు పెట్టుబడిదారులు వ్యాజ్యము వేయగా, 1996లో న్యాయస్థానము నిపుణులచే అతని యంత్రమును పరీక్షింపజేసి, అది సాధారణ విద్యుద్విశ్లేషణమే యని తేలుటచే, మోసమని తీర్పుచెప్పి, వారి 25,000 డాలర్లను తిరిగి యీయవలసినదని యాజ్ఞాపించెను. ఆ సంవత్సరముననే తమిళనాడులో రామర్ పిళ్లై యనునతడు మూలికలతో నీటిని పెట్రోలుగ మార్చెదనని చెప్పగా దేశమంతయు విని ఆశ్చర్యపడెను. 2016లో చెన్నై న్యాయస్థానము మోసపు నేరము క్రింద అతనికి మూడేండ్ల కారాగారశిక్ష విధించెను. ప్రదర్శన చూచుట పరీక్ష చేయుట కాదని ఈ రెండు కథలును తెలుపుచున్నవి.

ముగింపు

నీరు పదార్థము నిచ్చును గాని బలము నీయదు. బలము బొగ్గునుండియో, సహజవాయువునుండియో, పారెడు నదినుండియో, సూర్యునినుండియో రావలెను. కావున నీటితో నడచు బండిని గూర్చి విన్నప్పుడు మన విద్యార్థి అడుగవలసిన ప్రశ్న యొక్కటే: నీటిని విడదీయుటకు శక్తి ఎక్కడనుండి వచ్చినది? ఆ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము చెప్పినవానిమాట శ్రద్ధగా వినుడు. బ్యాటరీనుండి యని చెప్పినచో, బ్యాటరీని నింపునదేది యని మరల నడుగుడు.

గోపురము కట్టదలచినవాడు ముందుగ తనయొద్దనున్న ధనమెంతయో, కాగల ఖర్చెంతయో లెక్కించుకొనునని మన ప్రభువు జనసమూహములకు బోధించెను. ఆ బోధ కట్టడములకే గాదు, క్రొత్త యంత్రములకును వర్తించును. ఇంటివద్ద తండ్రియో అన్నయో ఇట్టి పెట్టెను కొనదలచినచో, పిల్లలు ఎదిరించి మాటలాడక, కాగితమును పెన్సిలును దెచ్చి ప్రక్కన గూర్చుండి, పైని లెక్కను వినయముగ వేసి చూపవలెను. టైర్లలో తగిన గాలి, శుభ్రమైన వడపోత, మితమైన వేగము, మితమైన బరువు, నిలిచియున్నపుడు ఇంజను ఆపుట: వీనిచే కలుగు ఆదా చిన్నదైనను నిజమైనది, వెల లేనిది.

మీలో ఎవరైన పై చదువులు చదివి, ఎండతో నీటిని నేటికన్న చౌకగ విడదీయు ఉపాయమును కనుగొందురేమో! పల్నాటి ఎండకు కొరత లేదు. ఆ దినము వచ్చినప్పుడు నీటి ఉదజనితో నడచు లారీ దాచేపల్లి సున్నమును మోసికొని పోవచ్చును. అది మహిమచేత గాదు, లెక్కచేతను శ్రమచేతను కావలసిన పని.